దయ్యంతో బేరం: బలికి వెళ్ళేది ఎవరి తల? బేతాళుడి నుంచి లోన్ యాప్ దాకా

పాత కథల వెనక ఉన్న చరిత్ర చెప్పుకునే మన సిరీస్‌లో ఇవాళ్టి విషయం దయ్యంతో బేరం. ఒకడికి ఏదో కావాలి. డబ్బో, రాజ్యమో, ప్రేమించిన పిల్లో. మామూలు దారిలో అది దొరకదు. అప్పుడు ఒక శక్తి ఎదురొచ్చి, "నేను ఇస్తాను, కానీ బదులుగా నాకొకటి కావాలి" అంటుంది. ఈ కథ చాలా దేశాల్లో ఉంది, మన దగ్గరా ఉంది. కాకపోతే మన కథలో ఒక తేడా ఉంది. ఆ తేడా అర్థమైతే, అమీర్‌పేటలో గోడల మీద, మన ఫోన్లలో కనిపించే "ఐదు నిమిషాల్లో లోన్" ప్రకటనని మనం వేరేగా చూస్తాం. కొంచెం ఓపిగ్గా వినండి, అక్కడికి వెళ్దాం.

ముందు యూరప్ సంగతి. జర్మనీలో 16వ శతాబ్దం మొదట్లో ఫౌస్ట్ అనే మనిషి నిజంగానే ఉండేవాడు. జ్యోతిషం చెప్తూ, మంత్రాలు వచ్చని చెప్పుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు. ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకి, 1587లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో యోహాన్ స్పీస్ అనే ముద్రాపకుడు ఆయన మీద ఒక పుస్తకం వేశాడు. అందులో ఫౌస్ట్ తన రక్తంతో సైతానుకి పత్రం రాసిస్తాడు. 24 ఏళ్ళ పాటు అడిగిందల్లా సైతాను చెయ్యాలి, ఆ తర్వాత ఫౌస్ట్ ఆత్మ సైతానుది. దీన్నే ఇంగ్లండులో మార్లో నాటకంగా రాశాడు. గెటే అయితే దాదాపు జీవితమంతా దీని మీదే పనిచేశాడు. మొదటి భాగం 1808లో వచ్చింది, రెండోది ఆయన చనిపోయిన 1832లో.

ఇక్కడ ఒకటి గమనించండి. ఫౌస్ట్ తాకట్టు పెట్టింది తన సొంత ఆత్మని. అత్యాశ ఆయనదే, మూల్యం కట్టేదీ ఆయనే.

మన కథల్లో ఆత్మని కొనే సైతాను కనిపించడు. మన నమ్మకంలో ఆత్మ ఒకరు అమ్మితే ఇంకొకరు కొనుక్కునే సరుకు కాదు. కర్మ వెంటబెట్టుకుని ఇంకో జన్మకి పోతుంది, అంతే. మరి బేరంలో ఏం పెట్టాలి? తల పెట్టాలి. ఎవరి తల అన్నదే మన కథల్లో అసలు ప్రశ్న.

బేతాళ కథలు తెలుసు కదా? మీరు చదవకపోయినా మీ అమ్మానాన్నలో, తాతయ్యలో చదివే ఉంటారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన చందమామ ఆ కథల్ని ఇంటింటికీ తీసుకెళ్ళింది. రాజు చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు, శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు జవాబు చెప్పగానే మళ్ళీ చెట్టెక్కేస్తాడు. ఇది అందరికీ గుర్తే. కానీ అసలు రాజు ఆ శవాన్ని ఎందుకు మోస్తున్నాడు అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు.

ఆ సమాధానం 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఉండేది మన గోదావరి ఒడ్డునే, ప్రతిష్ఠానంలో. అంటే ఇప్పటి మహారాష్ట్రలోని పైఠాన్, ఒకప్పటి శాతవాహనుల నగరం. క్షాంతిశీలుడనే సన్యాసి ఏళ్ళ తరబడి రోజూ సభకొచ్చి రాజుకి ఒక పండు ఇచ్చి వెళ్ళిపోతుంటాడు. ఏమీ అడగడు. ఒకరోజు ఆ పండు కోతి చేతిలో పడి పగిలితే, లోపల రత్నం! చూస్తే అన్ని పండ్లలోనూ రత్నాలే. రాజు ఉబ్బిపోయి, నీకేం కావాలో చెప్పు అన్నాడు. అప్పుడు సన్యాసి చిన్న సాయం అడిగాడు. అమావాస్య లాంటి చీకట్లో శ్మశానానికి వచ్చి, చెట్టుకున్న శవాన్ని తెచ్చిపెట్టాలి, అంతే.

ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆ పండ్లన్నీ ఫ్రీ ట్రయల్. రాజు ఎక్కడా సంతకం పెట్టలేదు, షరతులు చదవలేదు. ఇచ్చిన మాట కోసం శవాన్ని మోస్తున్నాడు. సన్యాసి ప్లాన్ మాత్రం వేరు. అతనికి విద్యాధరుల మీద ఆధిపత్యం కావాలి. దానికి ఒక వీరుణ్ణి బలివ్వాలి. ఆ బలి పశువు ఈ రాజే.

చివరి కథలో బేతాళుడే ఈ గుట్టు విప్పుతాడు. "సన్యాసి నిన్ను సాష్టాంగ నమస్కారం చెయ్యమంటాడు. నువ్వు వంగితే తల తీస్తాడు. నాకు చేతకాదు, నువ్వు చేసి చూపించు అను" అని సలహా ఇస్తాడు. రాజు అలాగే చేశాడు. సన్యాసి తలే తెగింది. ఆ తర్వాత వరం కోరుకోమంటే రాజు ఏం కోరాడో తెలుసా? ఈ కథలన్నీ లోకంలో ప్రసిద్ధం కావాలి అని. అందుకే ఇవి మన దాకా వచ్చాయని కథ చెప్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఈ కథలన్నిటికీ మూలం గుణాఢ్యుడి బృహత్కథ అని సంప్రదాయం. గుణాఢ్యుడు శాతవాహన రాజు ఆస్థానంలోని పండితుడట. ఒక పందెం ఓడిపోయి తనకొచ్చిన భాషలన్నీ వదులుకున్నాడు, అడవికెళ్ళి పైశాచి భాష నేర్చుకుని ఏడు లక్షల శ్లోకాల కథ రాశాడు. అడవిలో సిరా లేక తన రక్తంతోనే రాశాడని సోమదేవుడు చెప్తాడు. ఫౌస్ట్ రక్తంతో పత్రం రాసిచ్చాడు, మనవాడు రక్తంతో కథ రాశాడు. రాజు దాన్ని తిరస్కరిస్తే ఆరు లక్షల శ్లోకాలు అగ్నికి ఇచ్చేశాడట, మిగిలింది ఒక లక్ష.

ఇప్పుడు భాగవతంలోకి వద్దాం. భస్మాసురుడి కథ సినిమాల్లో చూసి ఉంటారు. భాగవతం దశమ స్కంధంలో అతని పేరు వృకాసురుడు. అక్కడ మోహిని రాదు, విష్ణువు ఒక బ్రహ్మచారి కుర్రాడి వేషంలో వస్తాడు. నాకు ఆ కథ మొదలంటే ఇష్టం. వృకాసురుడు నారదుణ్ణి అడిగే మొదటి ప్రశ్న: త్రిమూర్తుల్లో తొందరగా కరుణించేది ఎవరు? ఎవరు గొప్ప, ఎవరు మంచి అని అడగడు. అప్రూవల్ ఎక్కడ ఫాస్ట్‌గా వస్తుందో కావాలి వాడికి! నారదుడు శివుడి పేరు చెప్పాడు. ఏడో రోజుకి వరం వచ్చేసింది. ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్ళ తల పగిలి చావాలి అన్నది వరం. వెంటనే ఇచ్చినవాడి నెత్తి మీదే ట్రై చెయ్యబోయాడు. తనకు ఏదో లేక అడిగిన వరం కాదది. అవతలివాడి తల కోసం అడిగిన వరం. మన కథల్లో అత్యాశకి గుర్తు ఇదే.

సరే, ఇక మనందరికీ బాగా తెలిసిన కథ. పాతాళభైరవి. 1951 మార్చి 15న విడుదలైంది. తీసింది చందమామ మొదలుపెట్టిన ఆ నాగిరెడ్డి, చక్రపాణులే, విజయా సంస్థ మీద. దర్శకుడు కె.వి. రెడ్డి, రాసింది పింగళి నాగేంద్రరావు. మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్తూ, మజిలీ మజిలీకీ ఒక కథ చొప్పున గోపుడనే పశువుల కాపరి కుర్రాడికి చెప్పేవే ఆ కథలు. అల్లాఉద్దీన్ అద్భుతదీపం ఛాయలు కూడా సినిమాలో కనిపిస్తాయి.

కథ క్లుప్తంగా చెప్తాను. తోటరాముడు తోటమాలి కొడుకు, ఎన్టీఆర్. ఉజ్జయిని రాకుమారిని ప్రేమించాడు. రాజుకి దొరికిపోయాడు. రాజు ఏమన్నాడు? నాతో సమానంగా సంపద తీసుకురా, అప్పుడు పిల్లనిస్తాను అన్నాడు. తోటమాలి కొడుకు న్యాయంగా కష్టపడితే ఎన్ని జన్మలెత్తితే రాజంత సంపాదిస్తాడు? సరిగ్గా అప్పుడే నేపాళ మాంత్రికుడు దిగాడు, ఎస్.వి. రంగారావు. మాంత్రికుడికి పాతాళభైరవి ప్రసన్నం కావాలి, దానికి ఒక సాహసవంతుడైన యువకుణ్ణి బలివ్వాలి. అవసరంలో ఉన్న కుర్రాడు, వెతుక్కుంటున్న మాంత్రికుడు, ఇద్దరూ కలిశారు.

రాముడికి అసలు సంగతి తెలిసింది ఎలా? బలికి ముందు స్నానానికి దిగితే మొసలి పట్టుకుంది. దాన్ని చంపితే, శాపం తీరిన దేవకన్య బయటికొచ్చి మాంత్రికుడి ఎత్తు చెప్పేసింది. రాముడు మాంత్రికుణ్ణే బలిచ్చి, కోరింది ఇచ్చే ప్రతిమని తీసుకున్నాడు. బేతాళ కథ ముగింపే, వేషం మార్చుకుని మళ్ళీ వచ్చింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఒకే గుహ, ఒకే దేవత, ఎదురుగా ఇద్దరు మగాళ్ళు. ఇద్దరికీ సంపద కావాలి. మరి థియేటర్లో జనం ఒకడి వైపే ఎందుకు ఉన్నారు? రాముడు హీరో కాబట్టి అంటే సరిపోదు. ప్రేమ కోసం అడిగాడు కాబట్టి అంటారా? అదీ పూర్తిగా సరిపోదు. ఎందుకంటే సినిమాలో మూడోవాడు ఉన్నాడు. రాజుగారి బావమరిది శూరసేనుడు, రేలంగి. వాడికీ ఆ రాకుమారే కావాలి. ఆమె దక్కుతుందని మాంత్రికుడు ఆశ పెడితే, వెళ్ళి ప్రతిమని దొంగిలించి ఇచ్చేశాడు. ఫలితం? రాకుమారి, రాముడి భవనం అన్నీ మాయం. శూరసేనుణ్ణి అడిగితే వాడూ ప్రేమ కోసమే చేశానంటాడు.

కాబట్టి ఎందుకు అడిగావు అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. దానికి మూల్యం ఎవరి చేత కట్టిస్తున్నావు అన్నది కూడా అడగాలి. రాముడు కాళ్ళు పట్టుకుని ఎవర్నీ బలిపీఠం మీదకి లాక్కురాలేదు, తనే వెళ్ళి నిలబడ్డాడు. మాంత్రికుడు, శూరసేనుడు మాత్రం వేరేవాళ్ళని ముందుకు తోశారు. మన కథలు లోభిని గుర్తుపట్టేది ఇక్కడ.

ఈ లెక్క పడమటి చిన్న కథల్లోనూ కనిపిస్తుంది. అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1824లో టామ్ వాకర్ అనే పిసినారి కథ రాశాడు. బోస్టన్ పక్కన చిత్తడి అడవిలో టామ్‌కి సైతాను ఎదురై, సముద్రపు దొంగలు పాతిపెట్టిన నిధి ఇస్తానంటాడు. షరతు ఏమిటంటే, ఆ డబ్బు తన పనికే వాడాలి. ముందు బానిసల ఓడ నడపమన్నాడు. అంత పాపం నా వల్ల కాదన్నాడు టామ్. అయితే వడ్డీ వ్యాపారం పెట్టు, నెలకి నూటికి రెండు తీసుకో అన్నాడు సైతాను. నేను నాలుగు తీసుకుంటా అన్నాడు టామ్! సైతాను కన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. కష్టంలో ఉన్నవాళ్ళని వెతికి అప్పులిచ్చి, ఒక్కొక్కరినీ పిండేశాడు. ఆత్మ టామ్‌ది పోయింది, సరే. కానీ దానికి ముందు ఇళ్ళూ వాకిళ్ళూ పోయింది ఊళ్ళోవాళ్ళవి.

1891లో స్టీవెన్సన్ రాసిన సీసా భూతం కథ ఇంకో రకం. హవాయి ద్వీపాల్లో జరుగుతుంది. ఆ సీసా కోరిందల్లా ఇస్తుంది. కానీ చచ్చేలోగా దాన్ని కొన్న ధర కన్నా తక్కువకి ఇంకొకరికి అమ్మెయ్యాలి, లేకపోతే నరకం. అంటే నువ్వు బయటపడాలంటే ఇంకొకణ్ణి ఇరికించాలి. హీరో కేవే దాన్ని అమ్మేసి బయటపడ్డాడు కూడా. కానీ పెళ్ళి కుదిరాక కుష్ఠు సోకిందని తెలిసి, నయం కావడానికి మళ్ళీ కొన్నాడు. సంగతి తెలిసిన భార్య కోకువా అతనికి తెలియకుండా ఆ శాపాన్ని తన మీద వేసుకుంది. అందరూ వదిలించుకోవాలని చూసే సీసాని ఒక మనిషి కావాలని తీసుకుంది. కథ మొత్తంలో అదే గుండెని పట్టేస్తుంది.

ఇక మన ఏరియాకి వద్దాం. పంజాగుట్ట దగ్గర గుట్ట మీద ఎర్రమంజిల్ ప్యాలెస్ ఉంది. మెట్రో స్టేషన్‌కి ఆ పేరే. నిజాం కాలపు నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించాడు. ఎవరి భవనం ఎత్తులో ఉంటుందని ఇంకో పెద్ద నవాబు వికారుల్ ఉమ్రాకీ ఈయనకీ పందెం నడిచిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. ఆ వికారుల్ ఉమ్రా కట్టించింది ఫలక్‌నుమా. ఆ ఖర్చుకి ఆయన అప్పుల్లో కూరుకుపోయాడు, చివరికి 1897లో ప్యాలెస్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్ళింది. పోనీలెండి, నవాబు దర్పానికి నవాబు భవనమే పోయింది. ఆశ ఎవరిదో మూల్యం కట్టిందీ వాళ్ళే.

మరి భవనం లేనివాడు ఏం తాకట్టు పెడతాడు?

నేను 2020లో అమీర్‌పేట పక్కన ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. అక్కడి వాతావరణం మీలో చాలామందికి తెలుసు. మైత్రీవనం చుట్టూ బోర్డులు, జావా, టెస్టింగ్, పైథాన్, రూముకి నలుగురు, సాయంత్రం ఇడ్లీ బండి. ఆ మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ఊరెళ్ళడానికి పాసుల కోసం పంజాగుట్ట, ఎస్.ఆర్. నగర్ పోలీస్ స్టేషన్ల ముందు వందల మంది క్యూ కట్టారు. పాసు దొరికి బయల్దేరినా, ఆంధ్రా వైపు వెళ్ళినవాళ్ళని గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర ఆపేశారు.

కొన్ని నెలలకి మళ్ళీ తిరిగొచ్చాం. మా రూమ్‌లో ఖమ్మం వైపు కుర్రాడు ఒకడు ఉండేవాడు. ఇంట్లో వాళ్ళ నాన్న ఒకటే మాట చెప్పి పంపాడు: సంక్రాంతి లోపల ఉద్యోగం రావాలి, లేకపోతే వచ్చి పొలం చూసుకో. తోటరాముడికి రాజు పెట్టిన షరతు లాంటిదే అనుకోండి. కోర్సు ఫీజు బాకీ, హాస్టల్ బాకీ. ఫోన్‌లో ఒక లోన్ యాప్ కనిపించింది. ఐదు వేలు అడిగితే ప్రాసెసింగ్ ఫీజు అని ముందే కోసేసి, చేతికి మూడు వేల చిల్లర వేశారు. ఏడు రోజుల్లో మొత్తం ఐదు వేలు కట్టాలి. అది కట్టడానికి ఇంకో యాప్, దానికి ఇంకోటి.

ఏ తాకట్టూ లేకుండా అంత తేలిగ్గా ఎలా ఇచ్చారు? తాకట్టు ఉంది. యాప్ వేసేటప్పుడు "అలో" అని నొక్కాడే, అక్కడ. కాంటాక్ట్ లిస్ట్, ఫోటోలు. గడువు దాటిన మర్నాడు మొదటి ఫోన్ వాడికి రాలేదు. వాడి మేనమామకి వెళ్ళింది. తర్వాత అక్క అత్తారింటికి. ఆ తర్వాత వాడి ఫోటో మీద దొంగ అని రాసి బంధువులందరినీ కలిపి వాట్సాప్ గ్రూప్ పెట్టారు.

మూల్యం ఎవరి చేత కట్టించారో చూశారా? మాంత్రికుడికి వీరుడి తల కావాలి. వీళ్ళకి నీ వాళ్ళ ముందు నీ తల వంచాలి. నీకు తెలియకుండానే మీ అక్కని, మామయ్యని బలిపీఠం దాకా నడిపించుకెళ్ళారు. ఫౌస్ట్ పత్రంలో కూడా ఇంత లేదు, అక్కడ బంధువుల పేర్లు అడగలేదు.

ఇది ఒక్క మా రూమ్ కథ కాదు. ఆ ఏడాది చివర్లో తెలంగాణలో ఈ వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి, కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. డిసెంబర్ 23న రిజర్వ్ బ్యాంక్ ఇలాంటి యాప్‌ల గురించి జనాన్ని హెచ్చరించింది. 2021 జనవరిలో ఒక వర్కింగ్ గ్రూప్ వేసింది. 2022 సెప్టెంబర్‌లో డిజిటల్ లోన్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం లోన్ యాప్‌లు మీ కాంటాక్ట్ లిస్ట్, కాల్ లాగ్, ఫైళ్ళ జోలికి వెళ్ళకూడదు. ఒక యాప్ ఇప్పటికీ అవి అడుగుతోందంటే, అది రూల్‌ని లెక్కచెయ్యడం లేదని అర్థం.

మా వాడు ఒక రాత్రి అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అడిగి అడిగి చెప్పించాం. మర్నాడు నలుగురం కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం. వాడు బాగున్నాడు, ఉద్యోగం కూడా చేస్తున్నాడు. కానీ ఇంట్లో విషయం తెలిసినప్పుడు వాళ్ళ నాన్న మొదట అన్న మాట, "అత్యాశకి పోయావు కదరా" అని. ఆ మాటకి వాడు యాప్ వాళ్ళ తిట్లకన్నా ఎక్కువ ఏడ్చాడు.

నేను ఈ ఎపిసోడ్ చెయ్యడానికి కారణం ఆ మాటే. పాత కథలు తిప్పి చూడండి. అవసరం ఉన్నవాడినీ, అత్యాశ ఉన్నవాడినీ మన కథలు ఎప్పుడూ ఒక గాటన కట్టలేదు. హాస్టల్ ఫీజు కోసం ఐదు వేలు అడిగినవాడు మాంత్రికుడు కాడు. వాడు పండు అందుకున్న రాజు, గుహ ముందు నిలబడ్డ రాముడు. లోభి అవతల కూర్చుని, ఎవరికి ఎంత అవసరం ఉందో లెక్క కట్టుకుంటున్నాడు. అత్యాశ అనే మాట అటు వైపు వాడాలి.

ఇంకోటి కూడా ఆ కథలే చెప్తున్నాయి. రాజు తన తెలివితో బయటపడలేదు, బేతాళుడు చెప్తే బయటపడ్డాడు. రాముడికి దేవకన్య చెప్పింది. సమయానికి ఎవరో ఒకరు చెవిలో నిజం చెప్పడం వల్లే ఇద్దరూ బతికారు. ఒంటరిగా ఉన్నంతసేపే మాంత్రికుడి ఆట సాగింది. మీరు గానీ, మీ రూమ్‌లో పక్క మంచం మీద ఉన్నవాడు గానీ ఇలాంటి బేరంలో ఇరుక్కుని ఉంటే, ముందు ఒక్క మనిషికి చెప్పండి. సైబర్ మోసాలకి, వేధింపులకి 1930 నంబర్ ఉంది, ఫోన్ చెయ్యండి. స్క్రీన్‌షాట్లు చెరపకండి, అవే సాక్ష్యం. అమ్మానాన్నలు ఎవరైనా ఇది వింటుంటే, పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు మొదటి మాట "ఎందుకు తీసుకున్నావు" అని కాకుండా "ఎవరు ఫోన్ చేస్తున్నారు" అని అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కాశీ మజిలీ కథల గురించే విడిగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.